రెండోసారి మేడమ్ గారి పల్లీల కొట్టు

ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పిల్లలకు ఆవిడ రెండోసారి మేడమ్. ఏ లెక్క చేసి చూపించినా, ఎంత చిల్లర చేతిలో పెట్టినా “రెండోసారి చూడు” అనడం ఆవిడ అలవాటు. వీధి తలుపు గడియ వేశానని భర్త చెప్పినా లేచి వెళ్లి రెండోసారి చూసొచ్చేది. “నన్ను పెళ్లి కూడా రెండోసారి చేసుకుంటే గానీ నమ్మవేమో!” అని ఆయన ఏడిపించేవాడు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. చిన్నప్పుడు కొట్టుకెళ్లి సరుకు తెస్తే చిల్లర తక్కువొచ్చింది. కొట్టువాడు సరిగ్గానే ఇచ్చానన్నాడు. తల్లి వాడి మాటే నమ్మి, మిఠాయి కొనుక్కు తిన్నావా అంటూ వీపు విమానం మోత మోగించింది. ఆ దెబ్బలు మరిచిపోయింది గానీ, తన మాట ఎవరూ నమ్మలేదన్న సంగతి మరిచిపోలేదు. తన దగ్గర చదివే పిల్లలెవరూ చిల్లర దగ్గర మోసపోకూడదని పంతం పట్టింది.

అందుకే ఆరో తరగతి గదిలో ఒక మూల కొట్టు పెట్టించింది. హోంవర్క్ శుభ్రంగా చేసినవాళ్లకు అట్టముక్కల నాణేలు జీతం. వారం మొదట్లో ఎవరి బడ్జెట్ వాళ్లు వేసుకోవాలి. పెన్సిలుకు, రబ్బరుకు పోగా కొంత దాచుకోవాలి, ఆ పైన మిగిలితేనే వేయించిన పల్లీలు. పల్లీల ఖర్చు మేడమ్ సొంతం. కొట్టు మీద కూర్చునే పని కూరగాయలమ్మే ఆవిడ కూతురిది. చిల్లర లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లు లేరని మేడమే ఏరికోరి కూర్చోబెట్టింది.

తేడా పల్లీల దగ్గరొచ్చింది. నాణేలు సరిపోతున్నాయి, సంచి మాత్రం ముందే ఖాళీ అవుతోంది. మొదట ఎలుకలనుకుంది. తర్వాత గది ఊడ్చే ఆయాను అనుమానించి, సంచి బీరువాలో పెట్టి తాళం వేసింది. అయినా తరుగుతూనే ఉంది. ఇక మిగిలింది ఆ పిల్లే. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! పిల్ల పెదవి కదిపితే నములుతోందనిపించేది. తలొంచుకుంటే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటోందనిపించేది. ఇంత చదువూ చదివి, ‘పల్లీలు ఏమవుతున్నాయమ్మా’ అని ఒక్క మాట అడగడం మాత్రం ఆవిడకు తోచలేదు.

శుక్రవారం క్లాసులో అందరి ముందూ అనేసింది.

“లేచి నిలబడు. జేబులు తిరగెయ్.”

పిల్ల తిరగేసింది. ఓ చేతిరుమాలు, అరిగిపోయిన పెన్సిలు ముక్క రాలాయి. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“తను తినలేదు మేడమ్,” అంది ముందు బెంచీ పిల్ల. “మాకే కొసరు వేస్తోంది.”

“కొసరా?”

కొట్టు పిల్ల నేల చూపులు చూస్తూ చెప్పింది. “డబ్బా కొలిచాక నాలుగు గింజలు పైన వేస్తానండీ. మా అమ్మ అలాగే వేస్తుంది. కొసరు వెయ్యకపోతే అది బేరం ఎలా అవుతుంది మేడమ్?”

“సరే, కూర్చో” అంది మేడమ్.

ఆ సాయంత్రం కూరగాయలకెళ్లింది. ఆ పిల్ల తల్లి వంకాయలు తూచి, ఎప్పటిలాగే గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో పడేసింది. తూకంలో నొక్కేసి, ఇలా కప్పిపుచ్చుతోందని ఇన్నేళ్లూ అనుకుంది మేడమ్. ఇంటికెళ్లి రెండోసారి తూచుకునేది కూడా. ఎన్నడూ తగ్గలేదు. అయినా నమ్మలేదు.

“మా పిల్ల కొట్టు బాగా చూస్తోందా మేడమ్ గారూ? ఇంట్లో ఒకటే గొప్పలు!” అంది తల్లి.

అంటే పిల్ల ఇంట్లో ఏమీ చెప్పలేదు. చిన్నప్పటి తన వీపు గుర్తొచ్చి మేడమ్‌కు సిగ్గేసింది. “బాగా చూస్తోందమ్మా” అని గబగబా వచ్చేసింది.

సోమవారం రాగానే బోర్డు మీద కొట్టు ఖర్చుల్లో ‘కొసరు’ అని పెద్దక్షరాలతో రాసింది. పోయిన వారం తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకుంది. తర్వాత తనే మొదటి బేరానికి వెళ్లి అట్టనాణేలు బల్ల మీద పెట్టింది.

పిల్ల డబ్బా నింపింది. స్కేలుతో అంచుకు సమంగా గీసింది. అంచు దాటిన గింజలు మళ్లీ సంచిలో పడ్డాయి.

“మరి నా కొసరేదీ?” అంది మేడమ్, నవ్వు తెచ్చుకుంటూ.

“వద్దండీ. లెక్క తేడా వస్తుంది.”

పిల్ల మేడమ్ ఇచ్చిన నాణేలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆగి, ఓసారి మేడమ్ మొహంలోకి చూసింది. రెండోసారి లెక్కపెట్టింది.