పోక్ జుసో ఎడమ కన్ను

మా తుంపాట్ వైపు గాలిపటం ఎగరేసేవాళ్లు ఆటకు ముందు గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడతారు. కాసేపటికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఏ కంట్లో ముందు తిరిగితే గాలి ఆ పక్కనుంచి వంగి వస్తున్నట్టు లెక్క. కొందరు వేలు తడిపి చూస్తారు, కొందరు గడ్డిపరక వదిలి చూస్తారు గానీ పోక్ జుసో మాత్రం కంటినే నమ్మేవాడు. బాబాయి, పిన్ని అన్నట్టుగా ఊరందరికీ ఆయన పోక్ జుసో, ఆయన భార్య మోక్ నాబ్. వరికోతలయ్యాక పొలాల్లో ఆటలు మొదలవగానే నేను గట్టు మీద టీ కొట్టు పెడతాను. ఆ గట్టు సరిగ్గా వాళ్ల ఇంటి వెనక ఉంది. వాళ్ల సంసారంలో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది. తెలియకపోతే అడిగి తెలుసుకుంటాను. అడక్కపోతే నాకు అన్నం సహించదు.

ఆయన చేసే గాలిపటం కింది భాగం నెలవంకలా ఉంటుంది, నిలబెడితే మనిషికన్నా ఎత్తు. వెదురు చీల్చి, నీడన ఆరబెట్టి, మీద రంగు కాగితాల తీగలూ పువ్వులూ కత్తిరించి అతికిస్తాడు. తల మీద కట్టిన విల్లు పైకి వెళ్లాక గుంయ్‌మని మోగుతుంది. అంత గాలిపటాన్ని లేపడానికి ఇద్దరు కావాలి. ఒకరు తాడు పట్టుకుంటారు. ఇంకొకరు గాలిపటాన్ని పొలానికి ఆ చివరికి మోసుకెళ్లి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గాలి అందగానే వదులుతారు. పోక్ జుసో గాలిపటాన్ని పెళ్లయిన కొత్తనుంచీ మోక్ నాబే ఎత్తుతోంది. ఆడమనిషి ఎత్తడమేమిటని అప్పట్లో మగాళ్లు నవ్వారట. ఆవిడ వదిలిన గాలిపటం ఒక్కటీ నేల తాకకపోవడంతో నోళ్లు మూసుకున్నారు.

ఆట ముగిసిందని గంట కొట్టేసరికి ఎవరి గాలిపటం అందరికన్నా పైన ఉంటే వాళ్లదే గెలుపు. ఈ ఆటకు మా దగ్గర ఇంకో కట్టుబాటుంది. ఎత్తిన మనిషి గంట కొట్టేదాకా వదిలిన చోటునుంచి కదలకూడదు. కదిలితే గాలిపటం కాలు విరిగినట్టే అంటారు, ఆటలోంచి తీసేస్తారు. ఎందుకని అడిగితే తాతల నాటినుంచీ అంతే అంటారు.

కిందటి వానాకాలం పోక్ జుసో నుదుటి మీద, ఎడమ పక్కన, సర్పి లేచింది. మంట భరించలేక మనిషి చాప మీద పొర్లాడు. నాటువైద్యుడు తమలపాకు నమిలి ఊశాడు, మంత్రం వేశాడు. పొక్కులు ఎండిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు నన్ను కేకేసి పిలిచాడు.

"ఎంబొంగూ, ఇలా రా. ఒక వింత చూపిస్తా."

వింత అంటే నేను పొయ్యి మీద పాలు వదిలేసి వెళ్లే మనిషిని. వెళ్లాను. ఆయన తలగుడ్డ కొస మెలిపెట్టి ఎడమ కంటి తెల్లగుడ్డుకు తాకించాడు. రెప్ప కదల్లేదు.

"అయ్యో పోక్! నొప్పి లేదా?"

"నొప్పీ లేదు, గిలీ లేదు. పొద్దున స్నానంలో సబ్బు పడితే కుడి కన్ను భగ్గుమంది, ఇదేమో పక్కింటి కన్నులా ఊరుకుంది."

వెనకనుంచి మోక్ నాబ్ వచ్చి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. "సిగ్గులేదూ? కంటితో ఆటలా? చిన్నపిల్లాడివా?"

"నొప్పి లేదే!"

"తల తీసేస్తే తలనొప్పీ ఉండదు. తీసేయమంటావా?"

నాకైతే ఆ కన్ను చూడగానే మతిపోయింది. చూపు ఉంది. నా వేళ్లు ఎన్నో చెప్పాడు. తాకితే మాత్రం తెలియదు. తడి కూడా తక్కువే, ఎండిన చింతగింజలా మెరుపు పోయింది. చూసేదీ తెలుసుకునేదీ ఒకే కన్ను కాదా అని నేను చాలారోజులు ఆలోచించాను. ఒక కన్ను మూసుకుని చూశాను, చెయ్యి పెట్టి చూసుకున్నాను, మా ఆయన చేత తిట్లు కూడా తిన్నాను.

కోతలయ్యాయి, ఆటలు మొదలయ్యాయి. అప్పుడు పోక్ జుసోకి ఒక ఆలోచన వచ్చింది. గాలిపటాలవాళ్లకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. పైన ఎండలో గాలిపటం తల ఊపే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణంలో తాడు సడలిస్తే అది ఇంకా పైకి లేస్తుంది, లేకపోతే జారుతుంది. అందరి కళ్లూ ఎండకీ గాలికీ చెమ్మగిల్లి సరిగ్గా అప్పుడే రెప్ప పడుతుంది. పోక్ జుసో ఎడమ కంటికి రెప్ప వేయాలనే తోచదు. ఆయన కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో ఆకాశాన్ని అలాగే చూస్తూ నిలబడటం మొదలుపెట్టాడు. పక్క ఊరి ఆటలో గెలిచాడు. ఆ పక్క ఊళ్లోనూ గెలిచాడు.

నా కొట్టు దగ్గర మగాళ్లంతా ఒకటే పొగడ్త. "రెప్ప వేయని కన్నంట! దేవుడిచ్చిన వరం!"

పాసిర్ మాస్ నుంచి సెమాన్ అని ఇంకో ఆటగాడు వస్తుంటాడు. మంచి చెయ్యి, చెడ్డ నోరు. "నాకూ సర్పి వస్తే బాగుండు" అన్నాడు. పోక్ జుసో పొంగిపోయాడు. మోక్ నాబ్ ఒక్కతే నవ్వలేదు.

ఆ తర్వాతి వారం పొద్దున్నే ఆయన నా కొట్లో కూర్చుని పూల రసంతో వండిన నీలం అన్నం తింటున్నాడు. ఊరబెట్టిన చేపల రసం మీద ఇంకొంచెం మిరపకాయ వేయమంటూ మొహం ఎత్తాడు. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద వరిముల్లు ఒకటి అతుక్కుని ఉంది. గింజ కొసన ఉంటుందే, సన్నటి గరుకు ముల్లు, అది. కన్నంతా ఎర్రగా ఉంది. ఆయన మాత్రం కమ్మగా నములుతున్నాడు.

"ఏంటే అలా చూస్తావ్? మిరపకాయ అయిపోయిందా?"

మోక్ నాబ్‌ని కేకేశాను. ఆవిడ వచ్చి చూసి, ఆయన ముందున్న పళ్లెం పక్కకు జరిపి, చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ బస్సెక్కి కోటా భారు పెద్దాసుపత్రికి వెళ్లారు. ఆ రోజు కొట్టు కట్టేసి నేను కూడా వెళ్లాను. నాకు అక్కడ పనేమీ లేదు, ఉండబట్టలేక వెళ్లాను.

కళ్ల డాక్టరమ్మ చిన్నపిల్ల. ముల్లు తీసి, చుక్కలేసి, నీలం లైటులో చాలాసేపు చూసింది. ముల్లు నిన్నటిదో మొన్నటిదో అయి ఉంటుందంది. నల్లగుడ్డు మీద పుండు పడింది, మానినా తెల్ల మచ్చ మిగులుతుందంది.

"నొప్పి లేదమ్మా" అన్నాడు పోక్ జుసో, అదేదో మంచి మార్కులు తెచ్చుకున్నట్టు.

"అదే తాతా జబ్బు. దుమ్ము పడితే మన కన్ను మండుతుంది, నీళ్లొస్తాయి, చేత్తో అడ్డం పెట్టుకుంటాం. మీ కన్ను మీకు ఏమీ చెప్పదు. లోపల పుండు పడి చిల్లు పడినా చెప్పదు. ఇంకోసారి ఇలా అయితే చూపు పోవచ్చు."

పొద్దుటా సాయంత్రం చుక్కలు, పడుకునేటప్పుడు మందు పెట్టి రెప్ప మూసి పట్టీ. బయటికెళ్తే పక్కలు కూడా మూసుకుపోయే అద్దాలు. రోజూ ఎవరో ఒకరు లైటు వేసి కన్ను చూడాలి. ఎర్రబడినా మసకబారినా నొప్పి కోసం ఎదురుచూడకుండా రావాలి. డాక్టరమ్మ ఇవన్నీ చెప్తుంటే మోక్ నాబ్ తల ఊపుతూ విన్నది. ఆయన మాత్రం ఒక్కటే అడిగాడు.

"మరి గాలిపటం?"

"గాలి, ఎండ, పొట్టు. మీ కంటికి పడనివన్నీ అక్కడే ఉన్నాయి కదా తాతా."

ఇంటి దగ్గర బస్సు దిగాక మోక్ నాబ్ అంది, "ఎగరెయ్యొద్దని నేననను. అద్దాలు లేకుండా మాత్రం నీ గాలిపటం నేనెత్తను. ఇంకెవరినైనా వెతుక్కో."

ఇంకెవరినీ వెతుక్కోలేడని ఇద్దరికీ తెలుసు.

అద్దాలు కొన్నారు, చుట్టూ స్పాంజి ఉన్నవి. పెట్టుకున్న కాసేపటికే చెమటకు లోపల ఆవిరి పట్టింది. పోక్ జుసో వాటిని గడ్డివాము మీదికి విసిరాడు, మోక్ నాబ్ తీసుకొచ్చి ముందు పెట్టింది, ఆయన మళ్లీ విసిరాడు. మూడోసారి విసరకుండా కూర్చుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెదురు చీల్చే కత్తితో సగానికి కోశాడు. కుడి సగం పారేశాడు. ఎడమ సగానికి అంచుల వెంట మెత్తటి స్పాంజి ఇంకో వరస కుట్టించాడు, తలగుడ్డ కింద బిగించే పట్టీ పెట్టాడు. కుడి కన్ను గాలికి వదిలేశాడు.

"గాలి ఎటునుంచో ఇది చెప్తుంది" అన్నాడు కుడి కన్ను చూపిస్తూ. "అది లోపల కూర్చుని విశ్రాంతి తీసుకోనీ."

ఆసుపత్రికి తీసుకెళ్లి చూపిస్తే డాక్టరమ్మ అంచు చుట్టూ వేలుపెట్టి వెతికింది. ఎక్కడా సందు లేదు. "బాగుంది తాతా. తీయకుండా ఉంటేనే బాగుంది" అంది.

కుడి కన్ను ఒక్కదానితో ఆడటం ఆయనకు కొత్త. సరైన క్షణంలో రెప్ప పడి తాడు సడలించడం ఆలస్యమయ్యేది. గాలిపటం జారేది. వరుసగా ఓడిపోయాడు. సెమాన్ నా కొట్లో కూర్చుని, "మీ వరం డబ్బాలో పెట్టేశారటగా పోక్?" అన్నాడు. పోక్ జుసో టీ సగంలో వదిలి వెళ్లిపోయాడు. సెమాన్‌కి ఆ రోజు టీలో పంచదార వేయలేదు నేను.

ఆ ఏటి చివరి ఆట మా పొలంలోనే జరిగింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చాయి. మోక్ నాబ్ గాలిపటం ఎత్తే చోటు నా కొట్టు పక్కనే పడింది, ఆవిడ నడుముకు చిన్న టార్చిలైటు, చుక్కల సీసా కట్టుకుని ఉంది. చేతులు పైకెత్తి వదిలింది. గాలిపటం ఊగి, నిలదొక్కుకుని లేచింది. విల్లు మోగింది. అందరి గాలిపటాలూ ఒక్కొక్కటే జారిపోగా పోక్ జుసోది, సెమాన్‌ది రెండే మిగిలాయి.

మోక్ నాబ్ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "ఎంబొంగూ, చూడు. ఆయన నుదుటి మీద ఏదో మెరవట్లేదూ?"

చూశాను. అద్దం పైకి నెట్టేశాడు. ఎండకు అది తళుక్కుమంటోంది. ఎడమ కన్ను తెరుచుకుని ఆకాశంలోకి చూస్తోంది.

"తీసేశాడే! ముసలాడు తీసేశాడే!" అంటూ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది. ఆవిడ కదిలితే ఆట పోతుంది. కదలకపోతే ఏం పోతుందో చెప్పనక్కర్లేదు. "మోక్, వెళ్లు" అన్నాను. "ఆ గాలిపటం మీద ప్రాణం పెట్టుకున్నాడే" అని అక్కడే నిలబడింది. నాకు ఆ క్షణాన ఇద్దరి మీదా కోపం వచ్చింది.

ఇంతలో పొలం మధ్యలోంచి సుడిగాలి లేచింది. కోసిన మళ్లలోని పొట్టంతా గిర్రున తిరుగుతూ మనుషుల మీదికి వచ్చింది. మూకుడు మీద మూత పెట్టేలోపు నా కళ్లు నిండిపోయాయి. పొలమంతా దగ్గులు, తిట్లు. సెమాన్ ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో కళ్లు నలుపుకుంటున్నాడు. వాడి గాలిపటం పక్కకు వాలింది. పోక్ జుసో రెప్ప వేయలేదు. ఆయన గాలిపటం పైపైకి వెళ్తోంది. ఇంకొంచెంసేపు నిలబడితే ఆట ఆయనదే.

ఆయన ఒక్కసారి తల దించి చుట్టూ చూశాడు. కళ్లు నలుపుకుంటున్న జనాన్ని చూశాడు. దూరంగా మా వైపు చూశాడు. మోక్ నాబ్ ముసుగు కొసతో కళ్లు ఒత్తుకుంటోంది.

గాలి ఆయన వైపునుంచే వీస్తోంది గనక ఆ కేక మా దగ్గరికి స్పష్టంగా వచ్చింది.

"నాబ్! వచ్చి నా కన్ను చూడు!"

పొలమంతా అటు తిరిగింది. నలుగురిలో పెళ్లాం చేత రెప్ప ఎత్తించుకోవడం నామోషీ అని ఇంటి వసారాలో కూడా చెయ్యి విదిలించే మనిషి ఆయన. మోక్ నాబ్ పరుగెత్తింది. చెంబెడు నీళ్లు పట్టుకుని నేనూ వెనకే పరుగెత్తాను. గంట దగ్గర కూర్చున్న పెద్దమనిషి చెయ్యి ఊపాడు. అంతే, పోక్ జుసో ఆటలోంచి పోయాడు. గాలిపటం మాత్రం ఆ సంగతి తెలియక పైన మోగుతూనే ఉంది.

ఆవిడ చేతులు కడుక్కుని, రెప్ప ఎత్తి, లైటు వేసి పైనా కిందా మూలలా వెతికింది.

"ఏమీ లేదు" అంది చివరికి.

సెమాన్ పగలబడి నవ్వాడు. "ఏమీ లేనిదానికి గెలిచిన ఆట వదులుకున్నావా పోక్!"

"ఏమీ లేదని చెప్పడానికైనా ఒక మనిషి చూడాలి కదరా" అన్నాడు పోక్ జుసో. "నాకెలా తెలుస్తుంది?"

ఆమె చుక్కలేసింది. ఆయన తాడు ఒక చేతికి చుట్టుకుంటూ, "అందరూ కళ్లు నలుపుకుంటున్నారు. నీ కంట్లో కూడా పడిందనుకున్నా, అంత దూరాన తుడుచుకుంటున్నావు. నీ కంట్లో పడినప్పుడు నా కంట్లో పడకుండా ఉంటుందా అనిపించింది" అన్నాడు.

"నా కంట్లో పొట్టూ లేదు, దుమ్మూ లేదు" అంది మోక్ నాబ్. "ఏడ్చాను."

పోక్ జుసో నుదుటి మీది అద్దం తనే కిందికి లాక్కుని, పట్టీ బిగించుకుని, తాడు కొస ఆవిడ చేతికిచ్చాడు. ఇద్దరూ కలిసి గాలిపటాన్ని మెల్లగా దించుకున్నారు.