అమ్మను రాసే పిట్ట

ఇపుయ్‌కు చదువు రాదు. పిరమిడ్ల దేశంలో, వాసెత్ నగరం ఎదుట నది పడమటి గట్టున, సమాధుల కొండలో, లేఖకులు గీసిచ్చిన గీత మీద ముప్ఫై ఏళ్ళుగా ఉలి నడిపి బతికినవాడు. అలాంటివాడి నెత్తిన రాజుగారి హుకుం వచ్చి పడింది. ఇకమీదట దేవుడు ఒక్కడే, ఆకాశంలో వెలిగే సూర్యబింబం. మిగతావాళ్ళ పేర్లు గోడల మీద కనపడకూడదు.

దేవుడు ఒక్కడైతే పని తగ్గాలి కదా! పదింతలైంది. తనిఖీదారు హతియాయ్ కుండపెంకు మీద మూడు గుర్తులు గీసిచ్చాడు.

“ఇది పెద్దదేవుడు ఆమున్ పేరు, కొట్టెయ్. ఈ రాబందు బొమ్మ అతని పెళ్ళాం ముత్ దేవత పేరు, కొట్టెయ్. మూడు జెండాలుంటే ‘దేవుళ్ళు’ అని. రెండు కొట్టేసి ఒకటి ఉంచు.”

“ఒకటెందుకండీ?”

“ఒకడున్నాడు కనక!”

నిచ్చెన ఎక్కడం, దిగడం, కళ్ళనిండా దుమ్ము. ఇంటికొస్తే భార్య తమిత్ దెప్పుళ్ళు.

“పగలంతా దేవుళ్ళని కొట్టేస్తావు, సాయంత్రం నడుం పట్టిందని ఇంటిదేవుడు బెస్ బొమ్మకి మొక్కుతావు. సిగ్గులేదూ?”

“బెస్ పేరు పెంకు మీద లేదే!”

అలా కొట్టుకుంటూ వెళ్ళి ఒకరోజు తన తల్లి సమాధి రాతి ముందే ఆగాడు. దాని మీది మాటలు తను స్వయంగా చెక్కినవే: ‘ఇపుయ్ అమ్మ హెనుత్’. దారిన పోయేవాళ్ళు ఆ మాటలు పైకి చదివితే పైలోకంలో ఆవిడకు రొట్టె అందుతుంది. చదవలేకపోతే పస్తే.

హతియాయ్ వేలు పెట్టి చూపించాడు. “రాబందు.”

“అది అమ్మ అన్న మాటండీ! అమ్మ వేరు, అమ్మవారు వేరు.”

“రెండింటికీ అదే పిట్ట. కొట్టు.”

“దేవుడొక్కడైతే అవనీండి, మధ్యలో మా అమ్మేం చేసిందండీ?”

“నువ్వు కొట్టకపోతే ఇంకొకడొస్తాడు. వాడికి నీ అంత చెయ్యి కుదరదు. రాయి పగిలితే నన్నడక్కు.”

ఇపుయ్ ఏడుస్తూనే కొట్టాడు. ఆ మాటలోనే పక్కనున్న చిన్న రొట్టె గుర్తును మాత్రం ఉలి తాకనివ్వలేదు. ఆ గుంటలో సున్నం నింపి, హతియాయ్ చెప్పినట్టు గుడ్లగూబను చెక్కాడు. రొట్టెతో కలిపి చదివితే అప్పుడూ ‘అమ్మ’ అనే పలుకుతుందట. మా అమ్మకు గుడ్లగూబ మొహం పెట్టారని వారంపాటు అన్నం సహించలేదు.

పదిహేనేళ్ళు గడిచాయి. ఆ రాజు పోయాడు, పాత దేవుళ్ళందరూ తిరిగొచ్చారు. కొత్త పెంకు పట్టుకుని వచ్చినవాడు ఎవరనుకున్నారు? ఆ హతియాయే, కాస్త ఒళ్ళు చేశాడంతే.

“రాబందులన్నీ మళ్ళీ పెట్టాలి.”

“కొట్టమన్నదీ మీరే కదండీ?”

“అప్పటి హుకుం అది.”

ఇపుయ్‌కు చూపు మందగించింది. అయినా తిట్టుకుంటూ, వేళ్ళతో తడుముకుంటూ, కొండ మీద అందరి పిట్టలనూ నిలబెట్టాడు. చివరికి తల్లి రాతి దగ్గరికి వచ్చి ఉలి కింద పెట్టేశాడు.

“ఇది ఒకసారి పైకి చదవండి.”

“ఇపుయ్ అమ్మ హెనుత్.”

“అమ్మ అనే పలికిందా?”

“అనే. అయినా పిట్ట తప్పు కదా.”

“ఉండనీండి. మీ రాబందు మీద దేవతకు హక్కుంది. రేపు మళ్ళీ హుకుం మారితే ఎవడో సుత్తి పట్టుకొస్తాడు. గుడ్లగూబ కోసం ఎవడొస్తాడండీ?”

హతియాయ్ పెంకు కేసి ఒకసారి, రాతి కేసి ఒకసారి చూశాడు.

“ఇంకోసారి చదవండి,” అన్నాడు ఇపుయ్. “ఇన్నేళ్ళూ పస్తులున్నదేమో అమ్మ.”