లారీకి పెట్టని రాయి

ఒక లారీ డ్రైవరు మీది కోపంతో నేను బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లాను. పని మానేశాక పొద్దుపోక వెళ్తున్నానని ఇంట్లోవాళ్లు అనుకున్నారు.

సిద్దిపేటలో లారీలు బాగుచేసే ఒక షెడ్డులో పెద్దమేస్త్రీగా ఉన్నన్నాళ్లు ఏ రోజు సంగతి ఆ రోజే డైరీలో రాశాను. ఒక పేజీలో ఇలా ఉంది: "డ్రైవరు చక్రానికి రాయి పెట్టలేదు. బండి జారింది. పక్కకు దూకి బతికాను." మా షెడ్డు నేల వాలుగా ఉండేది. బండి ఆపగానే డ్రైవరే చక్రానికి అడ్డంగా రాయి పెట్టాలి. ఆ పేజీ చూపించాకే యజమాని వాణ్ని పనిలోంచి తీసేశాడు. ఇరవై ఏళ్లయింది. బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో నేను కనబడితే చాలు, వాడు మొదలుపెడతాడు.

"ఏం మేస్త్రీ, ఇయ్యాల ఎవని మీద రాస్తున్నవ్?"

"ఉన్నదే రాస్త."

"రాయి నేను పెట్టిన. నువ్వే తీసినవ్."

"తీసి ఏం జేస్త? కూర వండుకుంటనా?"

"నాకేమెరుక. నీ పుస్తకాన్నే అడుగు."

నేను తీశాననడం వాడి సాకేనని నా నమ్మకం. రాయి ఎక్కి దిగిన బండి ఎగిరిపడుతుంది. ఆ లారీ నున్నగా జారి నా మీదికి వచ్చింది. అది వచ్చిన తీరు గీసి ముందు పెడితే వాడి నోరు మూతపడుతుందనుకున్నాను. నా డైరీలో అబద్ధం లేదని తేలాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

పుస్తకాల దుకాణం మీది గదిలో ఆదివారాలు ఒక అమ్మాయి జపాన్ బొమ్మల కథల మాంగా పద్ధతిలో బండ్లు, యంత్రాలు గీయడం నేర్పుతుంది. గుడ్డ మీద పురాణకథల చేర్యాల పటాలు గీసేవాళ్ల ఇంటి పిల్ల. మొదటి రోజే నేను స్కేలు, వృత్తలేఖిని పట్టుకెళ్లి, కొలతలతో సహా పది టైర్లూ కనబడేలా లారీ గీసి చూపించాను.

"సార్, గిది బండి గాదు. సామాన్ల లిస్టు."

"లారీకి పది టైర్లుంటయి బిడ్డా."

"మా తాతలు గూడ రథానికి నాలుగు చక్రాలూ కనబడేటట్టే గీసెటోళ్లు. గది పటం, గిది మాంగా. గా స్కేలు ఇటియ్యిరి."

స్కేలు తీసుకుని సొరుగులో వేసి తాళం పెట్టింది. ఇంటికొచ్చి "పొగరుబోతు" అని రాసుకున్నాను. అయినా మానలేదు. ముందు కంటి గీత గీయాలని ఆమె నేర్పింది. చూసేవాడి కన్ను ఎంత ఎత్తులో ఉంటే కాగితం మీద ఆ అడ్డగీత అంత ఎత్తులో ఉండాలి. మీదికొచ్చే చక్రం పెద్దది, వెనకది చిన్నది. మూడు నెలలు ఆమె తిట్లు పడ్డాను. తిరిగి అనకుండా ఉన్నదీ లేదు.

చివరికి ఆ లారీని గీశాను. ముందు చక్రం క్యాబిన్ కన్నా పెద్దది. లైట్లు నా మీదికి వంగాయి. చుట్టూ వేగం గీతలు. సిరాతో దిద్దాను కూడా. ఆమె వేలు నేరుగా కంటి గీత మీదికి వెళ్లింది.

"గీత బంపరు కాడ ఉన్నది. తప్పు. నిలబడ్డ మనిషికైతే అద్దం కిందికి రావాలె."

"తప్పు గాదు. నేను చూసిందే గీసిన."

"గంత కిందికెల్లి ఎట్ల జూసిన్రు? కూసున్నరా?"

"కూసున్న."

"దేని మీద?"

షెడ్డులో స్టూలు లేదు. బంపరు బోల్టులు బిగించడానికి వంగితే నడుము నొప్పి. హ్యాండ్‌బ్రేకు వేసే ఉంది కదా అని చక్రం కింది నల్లరాయి తీసి, ముందుకు తెచ్చుకుని, దాని మీద కూర్చున్నాను. మరిచిపోయానని ఇప్పుడు రాయలేను. గుర్తు పెట్టుకోదలచుకోలేదు.

ఆమె తెల్లసిరా సీసా నా ముందుకు నెట్టింది. "గీత మీదికి జరిపి మళ్ల గీసుకోన్రి. ఎవలకు తెలుస్తది?"

సీసా ముట్టుకోలేదు. బొమ్మ చుట్టుకుని తిన్నగా చాయ్ హోటల్‌కు వెళ్లి, వాడి ముందు పరిచాను. వాడు బొమ్మ మీదికి వంగి, చక్రాల కింద వేలితో వెతికాడు.

"రాయి ఏది?"

"నా కింద."

వాడు తిట్టలేదు. "గా పుస్తకం పట్కరా" అన్నాడు.

తెచ్చాను. డైరీలో ఏదీ కొట్టివేయకూడదన్నది నా నియమం. పాత మాట కిందనే ఇవాళ్టి తేదీ వేసి, "రాయి డ్రైవరు పెట్టాడు. నేను తీసి దాని మీద కూర్చున్నాను" అని రాశాను. వాడు కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు.

"సంతకం బెట్టు."

పెట్టాను.

"ఇగ నాతోని మాట్లాడకు మేస్త్రీ."

ఇన్నేళ్లూ ముందు పలకరించింది ఎప్పుడూ వాడే. మర్నాడు నేను వెళ్లి ఎదురుగా కూర్చోగానే, చాయ్ సగంలో వదిలేసి లేచిపోయాడు.