గొర్రు దగ్గర ఏడవకూడదు

అనంతపురంలోని ఓ చిన్న మ్యూజియంలో నేను వాలంటీరుని. కిందటేడు మాకు శిక్షణ ఇవ్వడానికి ఒక సారు వచ్చారు. "మీది కరువు జిల్లా. మీరు చెబుతుంటే వినేవాళ్ల కళ్లు చెమర్చాలి" అంటూ, నన్ను విత్తనాలు వేసే గొర్రు పక్కన నిలబెట్టి, ఏడుపు గొంతుతో చెప్పమన్నారు.

గొర్రు మీద చెయ్యి వేయగానే మా అమ్మ గుర్తొచ్చింది. వానలు ఎన్నేళ్లు మొహం చాటేసినా, ఒడిలో వేరుశెనగ విత్తనాలు పోసుకున్నాక ఆమె కంటతడి పెట్టేది కాదు. "ఇత్తేటప్పుడు ఏడిస్తే మొలక రాదు పాపా" అనేది.

"నేను ఏడ్సను సార్" అన్నాను.

"ఇది నటనేనమ్మా. సర్టిఫికెట్ వద్దా?"

అందరూ నన్నే చూస్తున్నారు. గొర్రు మీది చెయ్యి తియ్యకుండానే సారు వైపు తిరిగాను.

"మీ కాగితం మీ కాడే పెట్టుకోండి సార్. గొర్రు కాడ మా అమ్మే ఏడ్సలేదు, నేను యాల ఏడ్సల్ల?"

సర్టిఫికెట్ రాలేదు. నేను మ్యూజియం మానలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ గొర్రు ముందు నిలబడి "అయ్యో పాపం" అంటే, వాళ్ల దోసిట్లో గుప్పెడు విత్తనాలు పోసి, "ఏడ్సాకండప్పా, ఇత్తండి" అంటాను.