పెద్దమ్మతో గ్రీన్ టీ

నిడదవోలులో మా పెద్దమ్మ పోయింది. అన్నయ్య ఫోన్ చేసి, "అమ్మ పోయిందే. ఒక రకంగా బతికిపోయింది" అన్నాడు. 

ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. రెండేళ్ళ కిందట, ఆఫీసులో ఎవరో ఇచ్చిన చైనా గ్రీన్ టీ పొట్లం తీసుకెళ్ళాను. ఎలా కాయాలో ఇద్దరికీ తెలీదు. మామూలు టీలాగే మరగబెట్టి, పాలూ పంచదారా కలిపింది. ఒక గుక్క తాగి, "చేనుకి కొట్టే మందులా ఉందే" అంది.

ఇంకొకరైతే పారబోసి ఊరుకునేవారు. ఆవిడ ఫోన్లో వీడియోలు చూసి, నీళ్ళు మరిగాక కాసేపు ఆరనివ్వాలనీ, ఆకు ఎక్కువసేపు నాననివ్వకూడదనీ తెలుసుకుంది. "తప్పు ఆకుది కాదే, మనది" అని నాకు చెప్పింది.

అప్పట్నుంచి నేను వెళ్ళినప్పుడల్లా ఒక కొత్త రకం. బల్లపరుపుగా నొక్కిన లాంగ్‌జింగ్ ఆకుది వేయించిన పెసరపప్పు వాసనంది. నూగుతో చుట్టలు చుట్టుకున్న బీలోచున్ తాగి, గ్లాసు మళ్ళీ నింపమంది. "చేదు వెనకాల తీపుంటుంది, ఆగాలి" అనేది. దేనికైనా కాస్త ఆగడం నాకు నేర్పింది ఆవిడే. పెదనాన్న మాత్రం "గడ్డి నీళ్ళు" అని నవ్వేవారు.

తర్వాత గొంతు కాన్సర్ అన్నారు. రేడియేషన్ కరెంటు పెట్టాక నాలుకకి రుచి పోయింది. మింగడం కూడా పోయి, పొట్టకి గొట్టం వేశారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ఆవిడ మంచం పక్కనే నిలబడి, "ఆ చైనా ఆకులు తాగి తెచ్చుకుంది" అన్నారు. ఆవిడకి వినిపిస్తూనే ఉంది. కాదని డాక్టరు చెప్పినా పెదనాన్న వినలేదు. టీ డబ్బాలన్నీ తీసుకెళ్ళి కాలవలో పారేశారు.

కిందటి నెల వెళ్తే, నా చెయ్యి పట్టుకుని బొంగురుగా అడిగింది. "తెచ్చావా?"

తెచ్చాను. పెదనాన్న బజారుకెళ్ళగానే కాచాను. గ్లాసు వాసన చూసి నా చేతికిచ్చేసింది.

"తాగి చెప్పు."

ఆవిడ ముందు ఎలా తాగను? ఒక గుక్క మింగి, "బాలేదు పెద్దమ్మా. ఒట్టి చేదు" అన్నాను.

"పోయింది నాలుకే, బుర్ర కాదు. నిజం చెప్పు."

చెప్పాను. మొదట చేదుగా ఉందనీ, వెనకాల పచ్చి బఠాణీలాంటి తీపి తగుల్తోందనీ.

"ఆగు. ఇప్పుడు?"

"ఇంకా తియ్యగా ఉంది."

"మళ్ళీ తాగు."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను గుటక వేసినప్పుడల్లా, ఎండిపోయిన ఆవిడ గొంతు కూడా పైకి కదిలి, అక్కడే ఆగి, మెల్లగా కిందికి దిగేది.