మందు లేని సూది

హిందూపురంలో గది తెరిచిన కొత్తలో నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి, సూదుల్లో మందు లేదని తెలియగానే లేచి చొక్కా తొడుక్కున్నాడు. "ఖాళీ సూదికి ఇంత దూరం రావల్లనా?" అంటూ వెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను. మా వైపు సూది అంటే ఇంజెక్షనే. జ్వరంతో పోతే సూది వెయ్యని డాక్టరును డాక్టరనే అనరు. నేనేమో వెంట్రుక కంటే కాస్త లావున్న ఉక్కుతీగ పట్టుకుని, ఇందులో ఏమీ లేదు, పని చేయాల్సింది నీ ఒళ్లే అంటున్నాను. నా మంచి కోరేవాళ్లు కొందరు, సూదికి కాస్త రంగునీళ్లు పూసి మందని చెప్పరాదా అన్నారు. వాళ్లకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయడం బాగుండదు.

తొంభైల్లో బెంగళూరులో ఏడాదిపాటు ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చాను. మా ఇల్లు పెనుకొండలో. గది హిందూపురంలో. వారానికొకసారి పాసింజర్ బండెక్కి ధర్మవరం పోయి, ఒక రిటైరైన టీచరుగారి వరండా గదిలో సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. అది మంగళవారం. మంగళవారం వైద్యం మొదలుపెట్టకూడదని చాలామంది చెప్పారు. వరండా గది ఆ రోజే ఖాళీ, మంగళవారానికి నామీద పగేమీ లేదు అన్నాను. బోర్డు మీద పేరుకు ముందు డాక్టర్ అని రాయించుకోలేదు. జనం 'సూదులక్క' అన్నారు, నాకు అదే ముద్దుగా ఉండేది. ఎవరి సూదులు వాళ్లకే, గాజు గొట్టాల్లో పెట్టి పేర్లు అంటించి, కుక్కర్లో ఆవిరి పట్టేదాన్ని. ఆ కుక్కరు వేరే, పప్పు కుక్కరు వేరే అని ఎన్నిసార్లు చూపించినా మా అవ్వ నమ్మక, ఏడాదిపాటు మా ఇంట్లో పప్పు ముట్టలేదు.

సూది గుచ్చడం ఎవరికైనా వస్తుంది. గుచ్చాక వేళ్లతో వినడం రావాలి. తోలు దాటేటప్పుడు దగ్గమనేదాన్ని. ఆ దగ్గులో సూది దిగిపోయేది. కండ ఉన్నచోట నిటారుగా, పక్కటెముకల మీద ఏటవాలుగా దించాలి. ఆ తర్వాత మెల్లగా ఎత్తుతూ దించుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ ఉంటే, ఒకచోట సూది బరువెక్కుతుంది. సంగటి గెలికేటప్పుడు తెడ్డు బరువెక్కినట్టే. సరిగ్గా అప్పుడే మనిషి ముఖం మారుతుంది. హిందూపురం వాళ్లు 'జోము పట్టింది' అనేవాళ్లు, కన్నడం కలిపి. పెనుకొండ వాళ్లకు అది తిమ్మిరి. నేను దాన్ని పట్టు అంటాను. "పట్టు దొరికిందా?" అని ధర్మవరంలో అడిగితే, "పట్టు మా ఇంట్లోనే ఉండాది కదక్కా" అని నేతగాళ్లు నవ్వేవాళ్లు.

ఏ రెండు ఒళ్లూ ఒకలా పలకవు. పట్టుగూళ్లు ఉడికించే బేసిన్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ల చేతుల్లో సూది పెట్టీపెట్టకముందే చుట్టూ ఎర్రగా పొంగేది. వేరుశనగ పీకి పీకి మొద్దుబారిన అరచేతులు ఎంతసేపటికీ ఏమీ చెప్పేవి కావు. కొందరు నవ్వేవాళ్లు, కొందరు కారణం తెలియకుండా ఏడ్చేవాళ్లు, గురకపెట్టి నిద్రపోయేవాళ్లకైతే లెక్కే లేదు. భయంతో కండ బిగుసుకుంటే సూది ఇరుక్కుంటుంది. అప్పుడు లాగకూడదు. చుట్టూ వేలితో తట్టుతూ ఊరి సంగతులు మాట్లాడితే అదే వదులుతుంది. అన్నీ నయం చేశానని చెప్పను. ఎడమచెయ్యి లాగుతోందని చెమటలు కక్కుతూ వచ్చిన ఒకాయన్ని సూది చూపించకుండానే ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాను. నా హద్దు నాకు తెలుసు. హద్దు తెలిసినవాళ్లను ఎవరైనా చిన్నచూపు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక జ్యేష్ఠమాసంలో ధర్మవరం గదికి ముప్పై ఏళ్ల నేతగత్తె వచ్చింది, పక్కన అత్త. వాళ్లింట్లో రెండు మగ్గాలు. ఒకటి ఆమె భర్తది, రెండోది ఆమెది. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి రొమ్ము ఎత్తు దాటడం లేదు. పోగును అటూ ఇటూ పరిగెత్తించే నాడెకు తాడు కూర్చున్న మనిషి చెవి ఎత్తున వేలాడుతుంది, దాన్ని అందుకోలేకపోతోంది. శ్రావణంలో పెళ్లిచీరలు దిగాలి కనుక ఆషాఢం వెళ్లేలోగా చెయ్యి లేవకపోతే ఆ మగ్గం తోడికోడలికి ఇచ్చేస్తామని ఇంట్లో తేల్చేశారు. "నన్ను కండెలు చుట్టుకుంటా కూచోమంటాండారక్కా" అంది. నాడెలోకి పోగు కండెలు చుట్టేది ముసలివాళ్లూ పిల్లలూ. ఈమె పన్నెండేళ్లుగా చీర దింపుతున్న మనిషి.

బిగుసుకున్న భుజానికి నాకు తెలిసిన మంచి మార్గం ముంగాలు. మోకాలికీ చీలమండకూ నడిమధ్య, ఎముకకు కాస్త పక్కగా సూది దించి, పట్టు దొరికాక తిప్పుతూ, చెయ్యి ఎత్తమని చెప్పాలి. అత్త నోరు నొక్కుకుంది. "నొప్పి భుజంలో ఉంటే కాలికి పొడుస్తాండావే! బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్లుండాదే నీ వైద్యం!" అంది. నాకూ నవ్వొచ్చింది. చెయ్యి ఆడించడానికి వీలుగా ఉంటుందని ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాను. "తిన్నావా?" అని అడిగాను. "ఆయెక్కా" అంది. సూది దించాను. పట్టు వెంటనే దొరికింది, తిప్పాను. చెయ్యి జానెడు లేచింది. ఆ వెంటనే ఆమె ఆవులించింది. పైపెదవి మీద చెమట. "అక్కా, చెవుల్లో హోరుమంటాంది" అంటూ పక్కకు ఒరిగిపోయింది.

సూది లాగేసి, నేలమీద పడుకోబెట్టి, కాళ్లు స్టూలు మీదికెత్తి, ముక్కు కింద గోటితో నొక్కాను. నిమిషం లోపే కళ్లు తెరిచింది. చక్కెర నీళ్లు తాగి లేచి కూర్చుంది. కానీ ఆ నిమిషంలో అత్త అరుపులకు వీధి వీధంతా వరండాలో ఉంది. "ఖాళీ సూదికే పడిపాయె, మందు పెట్టింటే పైకే పోయుండునే" అన్నాడు మందులషాపాయన. అందరూ నవ్వారు. టీచరుగారు నా సంచి చేతికిచ్చి, "ఇంక రావద్దులేమ్మా" అన్నారు.

బయటికొచ్చాక అత్త మాటల్లోనే అసలు సంగతి తెలిసింది. పసరుమందు ఎప్పుడూ పరగడుపునే తాగిస్తారు కదా, సూదులు కూడా అంతేననుకుని, ముందురోజు రాత్రి నుంచి కోడలికి మెతుకు పెట్టలేదు. ఖాళీ కడుపుతో కూర్చున్నవాళ్లకు సూది తిప్పితే కళ్లు తిరుగుతాయని నాకు తెలుసు. అందుకే అడిగాను. కానీ మన సీమలో 'తిన్నావా' అన్నది ప్రశ్న కాదు, పలకరింపు. మూడు రోజులు పస్తున్నవాడు కూడా 'ఆయె' అనే అంటాడు, మర్యాదకు. ఈ గడ్డ మీద పుట్టి పెరిగి ఆ మాత్రం తట్టలేదే అని నామీద నాకే కోపం వచ్చింది.

ఆ వారం మా నాయన, "ఇంక చాలమ్మా. యాడన్నా ఇస్కూల్లో చేరు" అన్నాడు. "తప్పు అడగడంలో జరిగింది నాయనా, సూదిలో కాదు. అడగడం నేర్చుకుంటా" అన్నాను. మంగళవారం మళ్లీ బండెక్కాను. వరండా గదికి తాళం. నేను తిన్నగా ఆ నేతగత్తె ఇంటికే పోయాను.

గడపలోనే అత్త అడ్డం నిలబడింది. "మల్లా ఏంటికొచ్చినావు?" అంది. "తప్పు చేసినా అవ్వా, చెప్పుకోవడానికొచ్చినా. మల్లా వెయ్యడానికి కూడా వచ్చినా" అన్నాను. లోపలి నుంచి కోడలు వచ్చింది. గడపమీదే కూర్చుని, పళ్లెంలో బొరుగుల ఉగ్గాని పెట్టుకుని, వీధి చూస్తుండగా ఎడమచేత్తో కడుపునిండా తింది. నీళ్లు తాగి, చాప పరిచి పడుకుంది. "ఇప్పుడెయ్యక్కా. పడిపోతే నేనే పడిపోతా" అంది.

అప్పటినుంచి ప్రతి మంగళవారం ఆ ఇంట్లోనే వేశాను, పడుకోబెట్టి. అడిగే పద్ధతి మార్చాను: సంగటిలోకి ఏం నంజుకున్నావు, ఎప్పుడు, ఎన్ని ముద్దలు. అబద్ధమైతే ఊరుబిండి పచ్చడా, పప్పా అనే దగ్గరే తడబడతారు. మిగతా రోజుల్లో ఆమె గోడమీద వేళ్లను సాలీడులా పైకి పాకించేది, నేను బొగ్గుతో గీసిన గీతల మీదుగా, పళ్లు బిగబట్టి. సూదుల వల్లే లేచిందా, ఆ గోడ వల్ల లేచిందా అని ఎవరైనా అడిగితే నాకు తెలియదు. చెయ్యి మాత్రం చెవి దాకా వచ్చింది. ఇంకా పైకి ఎప్పటికీ రాలేదు.

ఆషాఢం చివరి మంగళవారం నేను పోయేసరికి, అత్త మాటమీద తోడికోడలు అప్పటికే మగ్గం గుంటలో దిగి కూర్చుని ఉంది. మా నేతగత్తె ఆ రోజు చాప పరవలేదు. గుంట అంచున కూర్చుని, కుడిచెయ్యి చెవి దాకా ఎత్తి, అందరి ముందూ తాడు పట్టుకుని గట్టిగా లాగింది. నొప్పికి ముఖం వంకరపోయింది. నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి ఠప్పుమని తగిలింది. అత్త ఏదో అనబోయింది. ఆమె తాడు వదలకుండానే తోడికోడలి వైపు చూసింది.

"లెయ్ పాపా. అది నా తావు."

తోడికోడలు అత్త ముఖం చూసింది. అత్త పక్కకు జరిగింది. ఆ పిల్ల చీర కుచ్చిళ్లు పట్టుకుని పైకొచ్చింది, ఆమె కిందికి దిగింది.