ఐలీ చొక్కా తోక

ఐలీ నీమీ బీరువాలో తోక మిగిలిన ఉన్ని చొక్కా ఒక్కటంటే ఒక్కటి లేదు. అన్నింటికీ వెనకవైపు కిందంచు కత్తిరించి ఉంటుంది. ఆ ముక్కలన్నీ అడవిలో వాళ్ల కుటుంబపు వేట గుడిసె గోడ మీద ఉన్నాయి. దుప్పి మీద గురి తప్పినవాళ్ల చొక్కా తోక ఆ రోజే కత్తిరించి గోడకు మేకు కొట్టడం అక్కడి ఆచారం. మగవాళ్ల తోకలూ లేకపోలేదు గానీ, చూసినవాళ్లెవరైనా ఆ గోడ ఐలీదే అనుకుంటారు.

మనిషి పొట్టి, నోరు గట్టి. స్కూలు బస్సు నడుపుతుంది. అమెరికా ఉత్తరపు అంచున సుపీరియర్ సరస్సు మీంచి మంచు కొట్టుకొచ్చి రోడ్డేదో గుంటేదో తెలియని పొద్దుల్లో కూడా ఆమె బస్సు ఆగిన దాఖలాలు లేవు. వెనక సీట్లో కోతి వేషాలేసే పిల్లల్ని అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే చాలు, గప్‌చుప్. అంత మనిషీ దుప్పి ఎదురుపడిందంటే మాత్రం గుండును తీసుకెళ్లి ఏ చెట్టు మొదట్లోనో దింపేది.

తప్పినప్పుడల్లా భర్త రేనోది ఒకటే మాట. "నీ తప్పేం లేదే ఐలీ, తుపాకీ చాల్లేదు." మరుసటి ఏడు ఇంకాస్త పెద్దది తెచ్చిచ్చేవాడు. పాపం, ప్రేమతోనే తెచ్చేవాడు. అలా పెరిగి పెరిగి, రేనో పోయేనాటికి ఐలీ చేతిలో ఉన్నది ఎలుగుబంటిని కూడా పల్టీ కొట్టించే తుపాకీ. అది పేలితే ఆమె భుజం వారం రోజులు నల్లగా కమిలిపోయేది.

ఈ ఏడు వేటకాలం ఇంకో రెండు వారాలుందనగా రేనో అన్న వైనో కాఫీకి వచ్చాడు. యాలకుల రొట్టె రెండు ముక్కలు లాగించి, మూడోది చేతిలో పట్టుకుని అసలు సంగతి బయటపెట్టాడు.

"చూడు మరదలా, ఈసారి కూడా తప్పిందనుకో, చిత్తడి పక్క మంచె మా అల్లుడికి ఇచ్చేస్తా. నువ్వు గుడిసెలో కూర్చుని మాంసం కూరిన పాస్టీలు కాల్చు. నీ పాస్టీలు ఎప్పుడైనా గురి తప్పాయా?"

"ఆ మంచె మేమిద్దరం కట్టుకున్నది బావగారూ!"

"గుడిసె మా నాన్నది కదమ్మా!"

ఐలీకి ఒళ్లు మండిపోయింది. పెళ్లైన ఏడాది తనూ రేనో దేవదారు దుంగలు మోసి కట్టుకున్న మంచె అది. ఏటా తెల్లారుజామున ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్న చోటు. రేనో పోయినా ఆ మంచె మీద కూర్చుంటే పక్కన ఉన్నట్టే ఉంటుంది. దాన్ని ఎవడో అల్లుడికి అప్పగించి తను వంటింట్లో కూర్చోవాలా? వైనో చేతిలో మూడో ముక్క లాక్కుని పళ్లెంలో పెట్టేసింది.

మర్నాడే తుపాకీ భుజానేసుకుని ఓర్విల్ కొట్టుకెళ్లింది. ఆ ఊళ్లో తుపాకీలు అమ్మేదీ బాగుచేసేదీ అతనే.

"దీనికంటే పెద్దదేమైనా ఉందా ఓర్విల్?"

"దీనికంటే పెద్దదంటే చక్రాలుంటాయి ఐలీ. రోడ్డు మీద లాక్కెళ్లాలి." ఓర్విల్ నవ్వాపుకుని ఆమెను కిందికీ పైకీ చూశాడు. "ముందు ఇంటికెళ్లి వేటకి వేసుకునే కోటు తొడుక్కుని రా."

"కొనేది తుపాకీ అయితే కోటెందుకు?"

"పేల్చేది కోటుతోనేగా!"

గొణుక్కుంటూ వెళ్లి తొడుక్కొచ్చింది. తుపాకీ ఎత్తమన్నాడు. ఎత్తితే భుజానికి ఆనించే చెక్క మడమ పొడవెక్కువై వెళ్లి కోటు చంకలో ఇరుక్కుంది. రేనో ఆరడుగుల మనిషి. తన చేతికి సరిపోయిందే పెళ్లానికీ సరిపోతుందనుకున్నాడు. ఇన్నేళ్లూ అది ఆమెకూ తట్టలేదు.

ఓర్విల్ ఆమెను కొట్టు వెనక గురి చూసే చోటికి తీసుకెళ్లాడు. "తూటాలు నేనే పెట్టి ఇస్తా. నువ్వు కాల్చు, అంతే." మొదటిది ఢామ్మంది. కాగితం అంచున ఎక్కడో చిల్లు పడింది. రెండోది పెట్టి ఇచ్చాడు. ఐలీ గురి చూసింది, మీట నొక్కింది. టిక్. మందు లేని ఉత్త తూటా అది. తుపాకీ పేలలేదు, తన్నలేదు. అయినా గొట్టం మాత్రం ఠక్కున నేలకు దణ్ణం పెట్టింది. ఐలీ కళ్లు గట్టిగా మూసుకుని, భుజం బిగించుకుని ఉంది.

నెమ్మదిగా కళ్లు తెరిచింది. "ఓర్విల్! నేనే వంచేస్తున్నానా?"

"తన్నుతుందని ముందే జడుసుకుంటున్నావు. తుపాకీ చాలకపోవడం కాదు, ఎక్కువైంది."

ఐలీ అక్కడే పకపకా నవ్వింది. ఇన్నేళ్ల తోకలు, ఇన్నేళ్ల వెక్కిరింతలు, వీటన్నిటికీ మందు ఇంత సులువా!

"దుప్పి నీ మంచెకి ఎంత దూరంలో నిలబడుతుంది?" అని అడిగాడు ఓర్విల్.

ఐలీకి దూరాలు బస్సుల్లోనే తెలుసు. "వరసగా నిలబెడితే ఆరు బస్సులు."

ఓర్విల్ లోపలికెళ్లి సన్నటి, పొట్టి మడమ రైఫిల్ ఒకటి తెచ్చాడు. టూ ఫార్టీ త్రీ అంటారు, చిన్న తూటాలది.

"ఇది పిల్లల తుపాకీ కదయ్యా!"

"పిల్లలు కొట్టిన దుప్పిని పెద్దాళ్లు లొట్టలేసుకుంటూ తినట్లేదా? ముందుకాలి వెనక, గుండె మీద పడితే ఇది చాలు. అక్కడ పడకపోతే ఏదీ చాలదు."

భుజానికి ఆనించగానే దుర్భిణి తనంతట తానే కంటి ముందుకొచ్చింది. కాల్చింది. మెల్లగా నెట్టినట్టయింది, అంతే. మళ్లీ కాల్చింది, మళ్లీ. వెళ్లి చూస్తే చిల్లులన్నీ కాఫీ కప్పు కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. ఐలీ ఆ బరువు బూట్లతోనే గంతులేసింది. పాత తుపాకీని మార్పిడికి ఇచ్చేటప్పుడు మాత్రం గుండె చివుక్కుమంది. దాని మడమను ఒకసారి నిమిరి, ఓర్విల్ వైపు చూడకుండా బయటికొచ్చేసింది.

వేట మొదలయ్యే రోజు గుడిసెలో వైనో ఆ రైఫిల్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదేంటే మరదలా, దోమల మీదికా?" గోడకున్న కత్తెర తీసి నూరి మరీ జేబులో వేసుకున్నాడు. ఐలీ ఒంటి మీద ఆ రోజు రేనో చొక్కా ఉంది. మోకాళ్ల దాకా వేలాడే దాని తోక ఒక్కసారీ తెగలేదు. అది చూసి కూడా వైనో కత్తెర తిరిగి పెట్టలేదు.

మంచె మీద ఐలీ చిత్తడి వైపే చూస్తూ కూర్చుంది. వెలుగొచ్చిన కాసేపటికి గుట్ట మీద వైనో వైపు నుంచి ఢాం ఢాం ఢామ్మని మూడు వినిపించాయి. వెంటవెంటనే మూడంటే దుప్పి ఇంకా పరిగెడుతోందన్నమాట. అనుకునేంతలోనే దేవదారుల్లోంచి కొమ్మలు విరుచుకుంటూ వచ్చేసింది! ఎంత దుప్పి! కొమ్ములు చూస్తూనే ఐలీ రైఫిల్ భుజానికి ఆనించింది. అది చిత్తడి అంచున ఆగి వెనక్కి చూసింది. అయిదు బస్సుల దూరం. ఐలీ కన్ను మూయలేదు. మీట నొక్కింది.

దుప్పి నాలుగు అంగలేసి కూలిపోయింది.

"రేనో! పడిందయ్యో! పడింది!" అని అడవంతా అదిరేలా అరిచింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

ఒక్క దెబ్బ విన్న వైనో మంచులో ఆయాసపడుతూ వచ్చాడు, చేతిలో కత్తెర. "ఏదీ, వెనక్కి తిరుగు." ఐలీ చిత్తడి వైపు వేలు చూపించింది. వైనో చూశాడు. కత్తెర దించేశాడు.

"మూడు దెబ్బలు విన్నాను బావగారూ. ఏమైంది?"

"కొమ్మ అడ్డొచ్చిందిలే."

"మూడుసార్లూనా? కత్తెర ఇటివ్వండి."

వైనో బుద్ధిగా వెనక్కి తిరిగాడు. ఐలీ తీరిగ్గా, వంకర పోకుండా కత్తిరించింది.

"మరి మంచె మీ అల్లుడికేనా?"

"వాడికి పాస్టీలు కాల్చడం నేర్పు." వైనో ఇంకా ఇటు తిరగలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "ఓర్విల్ దగ్గర ఆ పిల్లల తుపాకీ ఇంకొకటి ఉంటుందంటావా?"

"ఉంటుంది. కోటు తొడుక్కుని వెళ్లండి."

బడికి ఇచ్చిన వేట సెలవులయ్యాక ఐలీ రేనో చొక్కాతోనే బస్సెక్కింది. తోకను ప్యాంటులోకి దోపుకోకుండా, అందరికీ కనబడేలా బయటికే వదిలేసింది.